పళ్ళాయన కట్టిన ఊరు

మా వీధి చివర పళ్ళ ఆసుపత్రిలో ఆయన గెలిచిన తగువు నా నోట్లోనే జరిగింది. దానికి నాకంటే దగ్గర సాక్షి ఇంకొకరు ఉండరు.

ఆ ఏడాది నాకు మిగిలిన నాలుగు పళ్ళూ పీకేసి పైకీ కిందకీ పూర్తి సెట్టు కట్టారు. అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాయి కానీ నోరు మాత్రం నాది కాదు. మాట్లాడితే లోపల ఎవరో గొళ్ళెం వేసి తీస్తున్నట్టు టకటకమనేది. ఆ మాటే డాక్టరమ్మతో చెబితే నవ్వింది. చిన్నపిల్ల, చదువు మాత్రం పెద్దది. "కొత్తలో అలాగే ఉంటుంది బామ్మగారూ, అలవాటైతే సర్దుకుంటుంది" అంది. చెప్పు కరిస్తే కాలునే సర్దుకోమనే రకం అన్నమాట అనుకుని లేవబోతున్నాను. అంతలో వెనక గది తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు.

యాభై దాటిన మనిషి. తల నుంచి చెప్పుల దాకా గులాబీ రంగు పొడి. కనుబొమలు కూడా ఆ రంగే. పళ్ళ సెట్లకు చిగుళ్ళ భాగం ఉంటుంది చూడండి, దాన్ని మిషను మీద అరగదీస్తే రాలే పొడి అది. నా పళ్ళు కట్టిన మనిషి ఆయనే.

"ఈ అమ్మగారి పళ్ళు తగులుతున్నాయి డాక్టర్‌గారూ" అన్నాడు.

"కొలత నేనే తీశాను కదా" అంది ఆ పిల్ల.

"తీశారండి. ఎడమ పక్క ఎత్తు ఎక్కువైంది."

"మీరు గదిలో ఉన్నారు. ఎప్పుడు చూశారు?"

"చూడలేదండి. విన్నాను."

బయట కుర్చీల్లో ముగ్గురు పేషెంట్లు చెవులు నిక్కించి కూర్చున్నారు. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "నేను ఐదేళ్ళు చదివాను" అంది.

"అవునండి. నేను ముప్పై ఏళ్ళు అరగదీశాను. మనిద్దరి సంగతీ ఎందుకు, అమ్మగారినే అడుగుదాం" అని నా వైపు తిరిగాడు. "మీరు ఎవరినైనా తిట్టగలరా అమ్మా?"

"ఎవర్ని?"

"ఎవరినైనా సరే. స ఎక్కువగా ఉన్న తిట్టయితే మంచిది."

అప్పటిదాకా నన్ను తిట్టడం మానమని అడిగినవాళ్ళే కానీ తిట్టమని అడిగిన మనిషి ఆయన ఒక్కడే. నలభై ఏళ్ళు నా చేత కాజాలు కుట్టించుకున్న దర్జీ దుకాణం యజమాని గుర్తొచ్చాడు. "సిగ్గూ శరం లేని సన్నాసీ, సంచీడు కాజాలు కుట్టించుకుని సూదులు నన్నే తెచ్చుకోమంటావా, సచ్చినోడా" అన్నాను.

"ఆరుసార్లు తగిలాయి" అన్నాడాయన. "స అనేటప్పుడు పై వరసా కింది వరసా దగ్గరికొచ్చి ఆగాలి కానీ తగలకూడదు. తగిలితే తిట్టులో పదును పోతుంది." జేబులోంచి నీలం రంగు అంటించే పల్చని కాగితం ముక్క తీసి రెండు పక్కలా పెట్టి కొరకమన్నాడు. తీసి చూస్తే ఎడమ పళ్ళ మీద నీలం మరక పెసరగింజంత ఉంది. కుడి పక్కన ఏమీ లేదు.

డాక్టరమ్మ ఆ మరక వైపు చాలాసేపు చూసింది. అప్పుడాయన పేషెంట్లు వినేలా అన్నాడు. "తప్పు నాదేనండి. సెట్టు బయటికి పంపేముందు నేను పట్టుకోవాల్సింది. నాలుగు రోజుల్లో మళ్ళీ కట్టిస్తాను."

గెలిచి, గెలుపు తీసుకెళ్ళి ఎదుటి మనిషి చేతిలో పెట్టడం నేను అప్పుడే చూశాను. అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

ఒక వెంట్రుకవాసి తేడాని గోడవతల నుంచి విన్న ఆ చెవులు సొంత ఇంట్లో రెండేళ్ళపాటు ఒక చప్పుడు వినలేదు. నేను చెప్పబోయేది అదే. ఇప్పుడు ఇది రాస్తే నొచ్చుకునేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

*

కొత్త పళ్ళు సరిగ్గా కుదిరిన నాలుగు నెలలకు మా మెట్ల కింది వాటా ఖాళీ అయింది. నేనే కబురు పెట్టి ఆయన్ని రప్పించాను. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధిలోకి ఒక కిటికీ. నేను పైన ఒంటి గదిలో ఉంటాను. మధ్య పదహారు మెట్లు.

ఆయన భార్యకు మైకమ్మ అని పేరు పెట్టింది నేను కాదు, బస్టాండు. ఇరవై రెండేళ్ళు ఆవిడ విచారణ గదిలో కూర్చుని మైకులో బస్సుల రాకపోకలు చెప్పింది. ఆ గొంతు వినని మనిషి మా ఊళ్ళో లేడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటే ఏడుస్తున్న పిల్లలు కూడా ఆగి వినేవారు. ఒకసారి నేను అడిగాను, "ఇన్నేళ్ళలో ఒక్క బస్సయినా వేళకొచ్చిందా అమ్మాయ్?" అని. "వచ్చేవి పిన్నీ. వేళకొచ్చిందంటే అది నిన్న రావాల్సిన బస్సన్నమాట" అంది.

చిన్నప్పటి నుంచీ ఆవిడకు ఆయాసం. బస్టాండు పొగలో అది ముదిరింది. ఒక్క ఊపిరిలో బస్సు నంబరూ, ఊరూ, ప్లాట్‌ఫారం చెప్పలేని రోజు వచ్చాక ఉద్యోగం మానేసింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగేవాళ్ళు వీధినిండా ఉన్నారు కనుక నేను అడగలేదు.

ఇంట్లో కూర్చున్న మొదటి నెల ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఇక్కడ వచ్చేదీ లేదు, పోయేదీ లేదు" అందట. ఆయనకు ఆ మాట కాలిలో ముల్లులా దిగింది. పాత తలుపు రెక్క ఒకటి తెచ్చి ఆవిడ మంచానికి ఎదురుగా రెండు బల్లల మీద పరిచి, "నీకో బస్టాండు కడతాను" అన్నాడు.

"నాకొద్దు బాబూ బస్సులు. కడితే ఇంకా ఎవరూ పోని చోట కట్టు."

"ఎక్కడ?"

"ఆకాశంలో ఎర్రటి గ్రహం ఉందిగా, అక్కడ. మనుషులు కొత్తగా దిగారు. నీళ్ళు లేవు, పోలీసు లేడు, పంతులు లేడు. ఇప్పుడిప్పుడే ఇళ్ళు వేసుకుంటున్నారు. దాని పేరు ఆఖరి స్టాపు."

"అక్కడ నేల ఎలా ఉంటుంది?"

"ఎర్రగా ఉంటుందట."

మర్నాడు పళ్ళాయన పనినుంచి వస్తూ ఒక సీసా తెచ్చాడు. మూత తీసి పొడి తలుపు రెక్క మీద పోశాడు. రోజూ చీపురుతో ఊడ్చి పారేసే పొడే. ముప్పై ఏళ్ళుగా దాన్ని చూసి విసుక్కున్న మనిషికి అప్పుడు అది నేలలా కనిపించింది. కాస్త ఇటుక పొడి కలిపితే రంగు సరిపోయింది.

*

నేను ఆ ఊరిని మొదటిసారి చూసినప్పుడు, "ఇద్దరికీ ఒకేసారి మతి పోయిందా, వంతులవారీగానా" అని అడిగాను. అప్పటికి పదిహేను ఇళ్ళు లేచాయి.

ఆయనకు ఒకే నియమం. ఏదీ కొనకూడదు. ఇంట్లో పారేసే దానితోనే ఊరు లేవాలి. కోడిగుడ్ల అట్టలు తడిపి నలిపి కొండలు చేశాడు. మాత్రలు అయిపోయిన అట్టల్లో బుడగలుంటాయి కదా, వాటిని బోర్లించి మొక్కలు పెంచే గాజు గదులు చేశాడు. టూత్‌పేస్టు మూతలు పొగగొట్టాలు. పెన్ను రీఫిళ్ళు నీటి గొట్టాలు. పాడైన టార్చిలైటులోని మెరిసే గిన్నె భూమి నుంచి కబుర్లు పట్టే తట్ట. తెగిపోయిన జిప్పు రైలు పట్టా. సబ్బు పెట్టె బడి. ఆ బడికి ఇంకా పంతులు రాలేదు, తర్వాత వచ్చే అంతరిక్షపు ఓడలో వస్తాడని మైకమ్మ రెండేళ్ళు చెబుతూనే ఉంది. ఇళ్ళ ముందు అగ్గిపుల్లల వసారాలు, సారా కొట్టుకు ఊగే తలుపులు, వీధిలో కొట్లాటకు సరిపడా వెడల్పు. ఆ వెడల్పు మైకమ్మ పట్టుబట్టి పెట్టించింది. "పోలీసు లేని ఊళ్ళో తగువు వీధిలోనే తీరాలి మరి" అనేది.

నా దగ్గర ఖాళీ దారపు రీళ్ళు నలభై ఏళ్ళవి మూటకట్టి ఉన్నాయి. వాటిని నీళ్ళ ట్యాంకులు చేశాడు. నా టిచ్ బటన్లు గాలి పోకుండా మూసే గుండ్రటి తలుపులయ్యాయి. ఇచ్చినందుకు పొగరుగా ఉండేది నాకు. ఊరికి నీళ్ళిచ్చింది నేనే కదా.

ఆ ఊరి మనుషులు పళ్ళు. నిజం పళ్ళు కావు లెండి, సెట్లు కట్టగా మిగిలిన ముందు పళ్ళు. సన్నటి సానరాయితో చెక్కితే తెల్లటి అంతరిక్షపు తొడుగులో, తల మీద బుర్రంత టోపీతో నిలబడ్డ మనిషి వచ్చేవాడు. ఎత్తు నా చిటికెన వేలి గోరంత. మైకమ్మ ఒక్కొక్కరికీ ఒక్కో సంగతి పుట్టించేది. ఫలానా వాడు భూమి మీద పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడు, ఫలానా ఆవిడ అబద్ధం చెప్పి ఓడెక్కింది అని.

"ట్యాంకు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిందే, ఎవరావిడ?" అని అడిగాను ఒకరోజు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "నీళ్ళ కావలామె పిన్నీ" అంది మైకమ్మ. "వరస తప్పి బిందె పెడితే తిట్టి చంపుతుంది. ఊళ్ళో పోలీసు అక్కర్లేకుండా పోయింది ఈవిడ వల్ల."

"ఏ పన్నుతో చేశావు నాయనా?"

"మీ మొదటి సెట్టులోది పిన్నిగారూ. ఎడమ పక్కది" అన్నాడు పళ్ళాయన నేల చూస్తూ.

కోపం రావాల్సింది. రాలేదు.

సాయంత్రాలు ఆయన పనినుంచి వచ్చి చేతులు కడుక్కున్నాక మైకమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని గొంతు సవరించుకునేది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. భూమి నుంచి చంద్రుడి మీదుగా ఆఖరి స్టాపు వచ్చే ఓడ దుమ్ము తుఫాను కారణంగా మూడు గంటలు ఆలస్యంగా నడుస్తున్నది." తుఫాను అనగానే పళ్ళాయన రబ్బరు బుడ్డి తీసేవాడు. అచ్చులోని దుమ్ము ఊదడానికి పనిలో వాడేది. దాన్ని నొక్కుతూ ఊరి ఒక చివర నుంచి ఇంకో చివరికి ఊదేవాడు. ఎర్రటి పొడి లేచి ఇళ్ళ కప్పుల మీదుగా పొగలా వెళ్ళి వసారాల్లో కూరుకునేది. కిటికీలోంచి ఎండ పడితే ఆ పొడి గాల్లో నిలబడి మెరిసేది. ఆవిడ చప్పట్లు కొట్టేది. ఆదివారం ఆదివారం కొత్త సీసా వచ్చేది, ఎగిరిపోయిన నేల నింపడానికి.

ఎగిరిపోయిన నేల ఎక్కడికి పోతోందని మేం ముగ్గురం ఒక్కరోజు కూడా అనుకోలేదు.

*

ఓడలను చూసి నాకు మొదట అనుమానం వచ్చింది.

మైకమ్మ నోట్లో పెట్టుకుని పీల్చే మందు డబ్బాలు ఉండేవి. మందు అయిపోతే లోపలి రేకు గొట్టం ఆయన తీసుకుని, పెన్ను మూత ముక్కుగా పెట్టి, మూడు గుండుసూదులు కాళ్ళు చేసి ఓడగా నిలబెట్టేవాడు. మొదటి ఏడాది ఓడల రేవులో రెండే ఓడలు. రెండో ఏడాది వేసవి వచ్చేసరికి ఏడు. ఆ తర్వాత నాలుగు నెలలకు మొత్తం పదకొండు.

"మన ఊరు బాగా పెరుగుతోంది పిన్నీ" అంది మైకమ్మ. ఆ చిన్న మాటకి మధ్యలో రెండుసార్లు ఆగింది.

నేను ఓడలు చూశాను, ఆవిడ మెడ కింది గుంట చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా అది లోపలికి పోతోంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుంది, ఆయన పనిలో ఉన్నాడు. ఊరికే కూర్చోవడం నాకు రాదు. ఎలాగూ ఫ్యాను ఆగింది కదా అని తడిగుడ్డ తీసుకుని బల్ల ఎక్కి రెక్కలు తుడిచాను. ఎవరింట్లో తుడిచినా ఫ్యాను రెక్క మీద నల్లటి మసే వస్తుంది. నా గుడ్డ గులాబీ రంగులో వచ్చింది.

దిగి వచ్చి కిటికీ ఊచల మీద వేలు పెట్టాను. అదే రంగు. ఆవిడ తల కింద నుంచి దిండు మెల్లగా లాగి గలీబు అంచు తిప్పి చూశాను. బట్ట ఉతికితే మురికి పోతుంది కానీ కుట్టు సందులో ఉన్నది పోదు. ఆ సంగతి కాజాలు కుట్టినవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గలీబు పొడుగునా కుట్టులో సన్నటి ఎర్ర గీత ఉంది, అచ్చం అక్కడ ఎర్ర దారంతో కుట్టినట్టు.

సాయంత్రం గేటు దగ్గరే ఆయన్ని పట్టుకున్నాను.

"ఇదేమిటి?"

"గుడ్డ."

"గుడ్డని గుడ్డిదానికీ తెలుస్తుంది. దాని మీదున్నదేమిటి?"

వేలితో రాసి చూశాడు. "మన ఊరి మట్టి."

"మన ఊరి మట్టి ఫ్యాను ఎలా ఎక్కింది నాయనా? ఫ్యాను దాకా పోయింది మంచం దాకా పోలేదా? ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం మానేసి కూర్చుంటోందా?"

"జిగురు వేసి అంటించాను పిన్నిగారూ. లేవదు."

"జిగురు వేసిన దాని సంగతి సరే. తుఫానని ఊదేదో?"

ఆయన ఆ గుడ్డని మడతపెట్టాడు. తర్వాత, "నేను ముప్పై ఏళ్ళుగా అందులోనే మునిగి ఉన్నాను. నాకేమైంది?" అన్నాడు.

"పొద్దున్నే నువ్వు స్నానాల గదిలో దగ్గే దగ్గు పదహారు మెట్లెక్కి నా దగ్గరికొస్తుంది. నీకేమైందో దాన్నడుగు."

"అది తీసేస్తే ఆవిడకు ఏం మిగులుతుంది?"

"ఊపిరి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న తర్వాత వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. ఆయన మొహం తలుపు మూసినట్టు మూసుకుపోయింది. "మీరు కాజాలు చూసుకోండి పిన్నిగారూ. మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం" అని లోపలికి పోయాడు.

నన్ను అంత మాట అన్నవాడి గడప తొక్కితే నా పేరు మార్చుకోవాలి అనుకున్నాను. తొక్కలేదు. ఇరవై మూడు రోజులు. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానే తప్ప దిగలేదు. అది నా తప్పు, రాసి పెడుతున్నాను.

పైన కూర్చుని వినేదాన్ని మాత్రం. మొదటి వారం, "ప్రయాణికులకు విజ్ఞప్తి, భూమి నుంచి వచ్చే ఓడ..." అని దగ్గు. రెండో వారం "ప్రయాణికులకు" దగ్గరే ఆగేది, విజ్ఞప్తి ఆయన పూర్తి చేసేవాడు. మూడో వారం ఒక సాయంత్రం గొంతు సవరించుకోవడం వినిపించింది. నేను సూది ఆపి కూర్చున్నాను. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

*

ఇరవై నాలుగో రోజు పొద్దున మెట్ల కింద నుంచి "పిన్నిగారూ" అన్న కేక వచ్చింది. పేరు మార్చుకునే సంగతి తర్వాత చూద్దామని దిగాను. మైకమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. నా పళ్ళ మధ్య పెట్టి తీసిన కాగితం మరక ఎలా ఉందో ఆ రంగు. ఇద్దరం కలిసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

ముక్కుకు గొట్టం పెట్టాక ఊపిరితిత్తుల డాక్టరు బయటకొచ్చాడు. కళ్ళు నిద్రలేక వాచి ఉన్నాయి. పళ్ళాయన్ని వరసగా అడిగాడు.

"ఇంట్లో పావురాలు పెంచుతున్నారా?"

"లేదండి."

"పక్కన పిండి మిల్లు ఏమైనా?"

"లేదండి."

"గోడలకు చెమ్మ, బూజు? కట్టెల పొయ్యి?"

"లేదండి. శుభ్రంగా ఉంటుందండి ఇల్లు."

పక్క బల్ల మీద నేను పెదవులు బిగించుకుని కూర్చున్నాను. ఆయన అబద్ధం చెప్పడం లేదు. దుమ్మంటే ఆయన లెక్కలో పనిలో ఉండేది. ఇంట్లో ఉన్నది ఊరు. చెబితే ఆయనే చెప్పాలి, నా నోటి నుంచి రాకూడదు అనుకున్నాను. నేను ఒకసారి చెప్పి చూశాను కదా.

మూడో రోజు పళ్ళాయన పాత కాగితంలో చుట్టిన సీసా చంకలో పెట్టుకుని వచ్చాడు. డాక్టరు మూత తిప్పి, చూసి, వెంటనే బిగించేశాడు.

"ఇది ఇంట్లోకి ఎందుకొచ్చింది?"

"నేల కోసమండి."

"ఏ నేల?"

ఆయన చెప్పాడు. తలుపు రెక్క, ఎర్ర గ్రహం, ఆఖరి స్టాపు, తుఫాను, రబ్బరు బుడ్డి, అన్నీ. ఏదీ దాచుకోలేదు. డాక్టరు కలం పట్టుకుని ఉన్నాడు కానీ ఏమీ రాయలేదు.

"ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను" అన్నాడు చివరికి. "ఆవిడవి మొదటి నుంచీ బలహీనమైన ఊపిరితిత్తులు. బస్టాండు పొగ ఒకటి. కానీ ఇది కాదని కూడా చెప్పలేను. పోయిన భాగం తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఆవిడ ఇంటికొచ్చేసరికి ఇందులో చిటికెడు కూడా ఉండకూడదు. మీరు పనిలో వేసుకున్న బట్టలు గడప దాటకూడదు."

వరండాలోకి వచ్చాక ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మీ ఎడమ పక్క ఎత్తు ఎక్కువైందని గోడవతల నుంచి విన్నాను కదా పిన్నిగారూ" అన్నాడు.

*

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం ఊరిని తీశాం. కిటికీ తీసి, ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని, మంచం మీద తడి దుప్పటి పరిచి మొదలుపెట్టాం. ఊరు దాచుకోవచ్చని, కడిగితే చాలని ఆయన ఆశ. సబ్బు పెట్టె బడిని ముందుగా పంపు కింద పెట్టాడు. నీళ్ళు ఎర్రగా పోయాయి. బ్రష్షుతో రుద్దాడు. మళ్ళీ ఎర్రగా పోయాయి. ఎంతసేపు కడిగినా అంతే. అప్పటికి ఆయనకు గుర్తొచ్చింది, గోడల రంగు నిలబడాలని జిగురులోనూ ప్లాస్టరులోనూ ఆ పొడే కలిపాడు. ఊరి మీద దుమ్ము లేదు, ఊరే దుమ్ము. కడగడం పూర్తయితే బడి మిగలదు.

పంపు కట్టేసి, కాసేపు ఆ పెట్టె చేతిలో పెట్టుకుని, తడి సంచిలో వేశాడు. తర్వాత ఒక్కొక్కటీ. కొండలు, గాజు గదులు, సారా కొట్టు, నా నీళ్ళ ట్యాంకులు. ఓడల దగ్గరికొచ్చేసరికి ఆయన చేతులు ఆగాయి. పదకొండు ఓడలు నేనే వేశాను. ఒక్కో రేకు గొట్టం సంచిలో పడ్డప్పుడల్లా చప్పుడయింది.

మిగిలింది మనుషులు. పన్ను కాబట్టి కడిగితే తెల్లబడ్డారు. అరవై మూడు మంది. పాత గిన్నెలో నీళ్ళు పోసి ఒక్కొక్కరినీ తోముతూ, నీళ్ళ కావలామె చేతికి దొరకగానే ఆగాడు. తుడిచి నా అరచేతిలో పెట్టాడు.

"ఆవిణ్ణి ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్నారు" అన్నాడు. "రాగానే ఊరేదని అడుగుతుంది."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"చెబితే ఏమంటుందో తెలుసా? ఎందుకు తీశావు, ఉండనీయాల్సింది అంటుంది. నన్ను ఒక్క మాట అనదు. మళ్ళీ తెమ్మంటుంది. నేను కాదనలేను పిన్నిగారూ, నా సంగతి నాకు తెలుసు."

నేను అరచేతిలోని నీళ్ళ కావలామె వైపు చూశాను.

"ఊరిని పైకి, మీ గదిలోకి మార్చానని చెబుతాను. ఇక్కడ చోటు కావాలి, ఊపిరి గొట్టాల మిషను పెట్టాలి అంటాను. పదహారు మెట్లు ఆవిడ ఎక్కలేదు."

"డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి నాకు. నేను అబద్ధం ఆడనని ఈ వీధిలో కుక్కకి కూడా తెలుసు."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నేను చెబితే నా మొహం చూసి పట్టేస్తుంది. మీరు చెబితే నమ్ముతుంది."

"ఏం చెప్పాలి?"

పళ్ళాయన గిన్నెలోని మనుషుల వైపు చూశాడు. "రోజూ సాయంత్రం ఒక్కసారి దిగి రండి. ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఏ ఓడ వచ్చింది, ఎవరు దిగారు, నీళ్ళ దగ్గర ఎవరు ఎవరిని తిట్టారు, ఆ కబుర్లు చెప్పండి. మీకు నోరు ఉంది, నాకు లేదు. పంతులు మాత్రం ఇప్పుడే దిగకూడదు. ఆయన కోసం ఆవిడ చూస్తూ ఉండాలి." తల ఎత్తాడు. కనుబొమలు ఇంకా ఆ రంగులోనే ఉన్నాయి. "ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి పిన్నిగారూ. ఏ ఓడనీ వేళకు తీసుకురాకండి. ఒక్కటి వేళకొచ్చినా ఆవిడ నమ్మదు."